పెద్ద స్త్రీలు – చిన్న స్త్రీలు

వాక్యభాగము: తీతు 2:3–5



క్రేతు ద్వీపములోని సంఘములను క్రమపరచుటకు పౌలు తీతును అక్కడ విడిచెను. వృద్ధులకును యౌవనులకును బోధింపుమని అతనికే ఆజ్ఞాపించెను. యౌవనస్త్రీలకు బుద్ధి చెప్పు పనిని మాత్రము వృద్ధస్త్రీలకు అప్పగించెను.

ఇందులో గొప్ప జ్ఞానమున్నది. అత్తవారింటికి క్రొత్తగా వచ్చిన కోడలు తన దుఃఖమును పాదిరిగారితో చెప్పుకొనగలదా? ప్రక్కన కలుపు తీయుచున్న పెద్దమ్మతో చెప్పుకొనును. మరియ కూడ ఎలీసబెతునొద్దకు వెళ్లి, ఇంచుమించు మూడు నెలలు ఆమెతో ఉండెను (లూకా 1:56).

మన సంఘములో దీనిని ఎట్లు ప్రారంభింతుము?

1. ముగ్గురు పెద్దమ్మలున్న చాలును. చదువు రాకపోయినను ప్రార్థనానుభవము కావలెను. వాక్యమును చిన్నామె చదువును. పెద్దామె తన అనుభవమును చెప్పును.

2. ఒక్కొక్కరికి ఒకరిని లేక ఇద్దరిని అప్పగింతము. నాట్ల కాలమున రాత్రి భోజనమైన తరువాత, తీరిక దినములలో మధ్యాహ్నము కలిసికొనవచ్చును.

3. విన్న మాట కుళాయి యొద్దకు చేరరాదు. కొండెములు చెప్పకుండుట పౌలు ముందుగా కోరిన వాటిలో ఒకటి.

4. దెబ్బలు తినుచున్న చెల్లెలిని “ఓర్చుకొమ్మా” అని తిరిగి పంపరాదు. ఆ రాత్రి తన ఇంట ఉంచుకొని, ఆమె సమ్మతితో సంఘపెద్దలకు, అవసరమైనచో పోలీసువారికి తెలుపవలెను.

“మాకేమి వచ్చును?” అని మన పెద్దమ్మలు అనేకులు అందురు. నయోమియు తాను రిక్తురాలిగా తిరిగి వచ్చితిననెను. అప్పుడు రూతు ఆమె ప్రక్కనే యుండెను (రూతు 1:21–22). మన పెద్దమ్మల ప్రక్కనున్న రూతులను వారికి చూపుదము.

ప్రభువు ఈ పనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.