బరువు తగ్గే ఆపరేషన్ తరువాత ఇంటివారు చేయవలసినది



మీ ఇంటి మనిషికి బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది. రెండు మూడు రోజుల్లో ఇంటికి తీసుకువెళ్తారు. డాక్టరుగారు చేయవలసిన పెద్ద పని అయిపోయింది. ఇక మిగిలిన పని మీ వంటింట్లోనే. అందుకే ఈ పాఠం రోగికంటే ఎక్కువగా రోగికి వండిపెట్టేవారి కోసం రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీరాలి. 2015 జూన్‌లో సినీనటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమెకు లైపోసక్షన్ జరిగిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ వార్త గుర్తున్నవారు మా వార్డులో ఇప్పటికీ భయపడుతూ అడుగుతుంటారు. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వును పీల్చి తీయడం, అది ఒంటి ఆకారం కోసం చేసేది. మీవారికి జరిగింది కడుపు మీద ఆపరేషన్. స్లీవ్ అయితే కడుపు సంచిలో సుమారు ముప్పావు వంతుకు పైగా తీసివేసి, మిగిలినది అరటికాయంత గొట్టంలా ఉంచుతారు. బైపాస్ అయితే కోడిగుడ్డంత చిన్న సంచి చేసి దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. రెండింటిలోనూ తిండి తక్కువే పడుతుంది. ఆకలి కూడా తగ్గుతుంది.

మొదటి రెండు వారాలు ద్రవాలే. పలుచని మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు, మసాలా లేని చికెన్ సూపు, చక్కెర లేని పాలు, డాక్టరు రాసిన ప్రొటీన్ పొడి ఇవ్వండి. గ్లాసు ఎత్తి గటగటా తాగకూడదు. చెంచాతోగాని చిన్న గుక్కలుగాగాని రోజంతా తాగుతూనే ఉండాలి. మొత్తం లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి పోవాలి. మే నెలలో బెజవాడలో 45 డిగ్రీల దాకా వెళ్ళే ఎండలో ఇది తేలిక కాదు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్ళు చాలడం లేదని అర్థం.

మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మెదిపినవి పెట్టవచ్చు. ఆ తరువాత మెత్తని గుడ్డు, ఆవిరిమీద ఉడికించిన కొరమేను, పెరుగు, బాగా ఉడికిన పెసరపప్పు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి, అదీ కొద్దికొద్దిగా. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒక ఉడికించిన గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. గ్లాసు పాలలోనూ దాదాపు అంతే. కాబట్టి అన్నం కంటే ముందు గుడ్డు, చేప, పప్పు తినాలి. కడుపులో చోటు మిగిలితే అప్పుడు రెండు చెంచాల అన్నం. మన కృష్ణా జిల్లా వాళ్ళకు ఈ మాట మింగుడుపడదని తెలుసు. ‘అన్నం తినకపోతే మనిషేం బతుకుతాడు’ అనే అత్తగారు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆమెకు కూడా ఈ పాఠం చదివి వినిపించండి. ముద్ద బాగా నమిలి మింగాలి. తినేటప్పుడు నీళ్ళు వద్దు, తిన్నాక అరగంట ఆగాలి.

వాంతులను తేలికగా తీసుకోవద్దు

ఈ పుస్తకంలో ఇంకేది మరిచినా ఇది మరవకండి. ఎప్పుడో ఒకసారి తొందరగా తిని కక్కుకుంటే భయం లేదు. కానీ రోజూ వాంతులు అవుతూ, రెండు మూడు రోజులుగా ఏమీ నిలవకపోతే ప్రమాదం నీరసంతో ఆగదు. మన శరీరంలో బి1 విటమిన్, అంటే థయామిన్, రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. తిండి తగ్గి, పైగా వాంతులు అయితే ఆ నిల్వ అయిపోతుంది. అప్పుడు బెరిబెరి అనే జబ్బు వస్తుంది.

ఈ జబ్బు మన ప్రాంతానికి కొత్తది కాదు. 1835లో మద్రాసులో మాల్కమ్సన్ అనే డాక్టరు బెరిబెరి మీద పుస్తకం ప్రచురించాడు. ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, మనుషులకు కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, నడవలేక పడిపోవడం గురించి అందులో రాశాడు. దానికి కారణం అప్పటికి ఎవరికీ తెలియదు. తవుడు పూర్తిగా పోయేలా బియ్యం పాలిష్ పట్టి, తెల్లటి అన్నమే తింటే బి1 అందదని తరువాతి కాలంలో తేలింది. ఆపరేషన్ తరువాత వాంతులతో ఉన్న మనిషికీ అందనిది ఆ విటమినే.

దీని గుర్తులు ఇవి. పాదాల్లో మంటలు, తిమ్మిర్లు వస్తాయి, మెట్లు ఎక్కలేరు. నడకలో తూలడం, ఒకటి రెండుగా కనపడటం, మాట తడబడటం, మతిమరుపు ఉంటాయి. ఇంట్లోవాళ్ళు ‘నీరసం, ఆపరేషన్ అయింది కదా’ అనుకుంటారు. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరకు తీసుకువెళ్ళి గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. అసలు చిక్కు అక్కడే. బి1 లేని ఒంట్లోకి గ్లూకోజు ఎక్కితే, ఉన్న కాస్త బి1 కూడా దాన్ని అరిగించడానికే ఖర్చయి, మెదడు దెబ్బతినవచ్చు. బి1 ఇంజెక్షన్ ముందు పడాలి. అందుకని ఏ ఆసుపత్రికి వెళ్ళినా మొదటి మాటగా ‘మావారికి బరువు తగ్గే ఆపరేషన్ అయింది, వాంతులు అవుతున్నాయి, గ్లూకోజుకు ముందు బి1 ఇవ్వండి’ అని చెప్పండి. డిశ్చార్జి కాగితం జిరాక్సు ఒకటి రోగి పర్సులో ఉంచండి. వేళకు గుర్తిస్తే ఇది నయమవుతుంది. ఆలస్యమైతే నడక, జ్ఞాపకం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

మొదటి నెలలో నాడి నిమిషానికి 120 దాటినా, జ్వరం 101 దాటినా, కడుపునొప్పి పెరుగుతున్నా, ఎడమ భుజం లాగుతున్నా, ఆయాసం వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పిగా ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. కుట్టు దగ్గర లీకు అయినా, కాలి రక్తనాళంలో గడ్డ కట్టినా గంటలు లెక్కే. గడ్డ కట్టకుండా ఉండాలంటే ఇంటికి వచ్చిన రోజునుంచే వరండాలో నాలుగడుగులు నడిపించండి. మంచం మీద పెట్టి సేవ చేయడం ప్రేమే కాని, ఈ రోగికి అది మేలు కాదు.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి తిండి తగ్గగానే షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే పరీక్షించి డాక్టరుకు చెప్పండి. బి.పి. మాత్రలూ అంతే, మోతాదు మార్చవలసి రావచ్చు, మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఒళ్ళు నొప్పులకు షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనవద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవారికి కడుపులో పుండు పడుతుంది.

పండుగలు, విందులు, ఉపవాసాలు

పెళ్ళి భోజనాల్లో ‘ఒక్క ముద్ద’ అని విస్తట్లో వడ్డించేవారిని మీరే ఆపాలి. రోగికి మొహమాటం ఉంటుంది. బైపాస్ అయినవారు బందరు లడ్డూలాంటి తీపి తింటే కాసేపటికి గుండెదడ, చెమటలు, విరేచనం పట్టుకోవచ్చు. సంక్రాంతి అరిసె, క్రిస్మస్ కేకు కూడా అంతే. మద్యం తొందరగా తలకెక్కుతుంది, తిండి మీద ఉన్న మనసు దాని మీదకు మళ్ళే ప్రమాదం కూడా ఉంది.

ఉపవాసాల గురించి మా చర్చిలోనే చాలామంది అడుగుతారు. నలభై దినాల ఉపవాసమైనా, రంజాన్ అయినా, కార్తీక సోమవారమైనా మొదటి ఏడాది వద్దు. ఆ తరువాత కూడా డాక్టరును అడగాలి. మీ పాస్టరుగారితో మాట్లాడండి, ఆయన కాదనరు.

మూడో నెలనుంచి ఆరో నెలవరకు జుట్టు ఊడుతుంది, చాలామందికి మళ్ళీ వస్తుంది. చుట్టాలు ‘ఏమిటి ఇలా పీక్కుపోయావు, ఏం రోగం’ అంటారు. ఆ మాటలకు వయసులో ఉన్న ఆడపిల్లలు గదిలోనుంచి బయటకు రాకపోవడం చూశాను. అలాంటప్పుడు జవాబు మీరు చెప్పండి, బిడ్డను నిలబెట్టి చెప్పించకండి. పెళ్ళయినవారు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గాక అంతకుముందు రానివారికి కూడా గర్భం తొందరగా రావచ్చు.

విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం. ఐరన్, కాల్షియం ఒకేసారి వేయవద్దు, రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ మాత్ర టీతో వేస్తే ఒంటికి సరిగా పట్టదు. రక్తపరీక్షలు మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి. గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ వైపునుంచి వచ్చేవారు పొద్దున్నే వస్తే అదే రోజు చూపించుకుని వెళ్ళవచ్చు. వచ్చేటప్పుడు ఫైలుతోపాటు వాడుతున్న మాత్రల ఖాళీ అట్టలు కూడా తెండి.