ముఖంపై గాయపు మచ్చ: చికిత్స, ధర్మాదేశం

అబిడ్స్ నుండి నాంపల్లి స్టేషన్ వైపు వెళుతుంటే చర్మవైద్యుల బోర్డులు, సౌందర్య చికిత్సల ప్రకటనలు కనిపిస్తాయి. స్టేషన్‌కు దగ్గరలోనే రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. గుట్కా, జర్దా మూలంగా నోటి క్యాన్సర్ సోకి దవడ ఆపరేషన్ అయినవారు, బండి ప్రమాదంలో చెంప చీలిన యువకులు, పొయ్యి మంటకు ముఖం కాలిన సోదరీమణులు మన ఇళ్ళలోనూ ఉన్నారు. వారి తరఫున మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది: “మౌలానా! మచ్చకు ఆపరేషన్ చేయించుకుంటే అల్లాహ్ సృష్టిని మార్చిన పాపం అవుతుందా?”

ఈ భయంతోనే కొందరు చికిత్సకు దూరంగా, నలుగురికీ దూరంగా ఉండిపోతున్నారు. కనుక విషయాన్ని వివరంగా తెలుసుకుందాం.

దైవప్రవక్త (సఅసం) మార్గదర్శనం

హజ్రత్ అర్‌ఫజా బిన్ అస్అద్ (రజి) ముక్కు అజ్ఞానకాలపు కులాబ్ యుద్ధంలో తెగిపోయింది. ఆయన వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన రాసాగింది. అప్పుడు దైవప్రవక్త (సఅసం) బంగారు ముక్కు పెట్టించుకోమని ఆదేశించారు (అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ). పురుషులకు బంగారం నిషిద్ధమైనప్పటికీ, గాయం వల్ల చెడిన రూపాన్ని సరిదిద్దుకోవడానికి అనుమతి లభించిందన్న సంగతి గమనించండి.

మరి సృష్టిని మార్చడాన్ని గురించిన హెచ్చరిక (అన్నిసా: 119) మాటేమిటి? కేవలం అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునే స్త్రీలను హదీసులో శపించడం జరిగింది (బుఖారీ, ముస్లిం). ఉన్న రూపం నచ్చక మార్చుకోవడం వేరు. కాలిన, తెగిన చోటును బాగుచేసుకోవడం వేరు. రెండవది చికిత్స. 2007 జూలైలో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా ప్రమాదాలు, కాలిన గాయాల వల్ల ఏర్పడిన లోపాలను శస్త్రచికిత్సతో సరిచేయించుకోవడం ధర్మసమ్మతమేనని తీర్మానించింది.

చికిత్స గురించి తెలుసుకోవలసినవి

ఆపరేషన్ మచ్చను పూర్తిగా చెరిపివేయదు, అంతగా కనిపించకుండా చేస్తుంది. అవసరాన్ని బట్టి మచ్చను కోసి సన్నగా కుడతారు, బిగుసుకున్న చర్మాన్ని సడలిస్తారు, వేరేచోటి చర్మాన్ని తెచ్చి అతుకుతారు, లేదా లేజర్ వాడతారు. మచ్చ కుదురుకోవడానికి ఏడాది పైగా పట్టవచ్చు. అందుకే వైద్యులు సాధారణంగా 6 నుండి 12 నెలలు ఆగమంటారు. అయితే కనురెప్ప మూతపడకపోయినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా ఆలస్యం చేయరాదు.

ముఖంపై కుట్లు సాధారణంగా 5 నుండి 7 రోజుల్లో తీస్తారు. ఎరుపు నెలల తరబడి ఉంటుంది. ఎండ తగలనివ్వకూడదు. సిగరెట్, గుట్కా మానాలి. పూర్వం ఏ గాయమైనా గడ్డలా ఉబ్బి ఉంటే ముందుగానే వైద్యునికి చెప్పాలి. బ్యూటీ పార్లర్లను నమ్మక, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. చదివినవారిని ఆశ్రయించండి. స్తోమత లేనివారికి ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది.

వుజూ, నమాజ్

ఒక ప్రయాణంలో తలకు గాయమైన వ్యక్తికి తోటివారు సౌలభ్యం లేదని చెప్పగా, అతను గుసుల్ చేసి మరణించాడు. దైవప్రవక్త (సఅసం) వారిపై ఆగ్రహించి, తెలియనప్పుడు అడగవలసిందని మందలించారు (అబూ దావూద్). కనుక గాయానికి నీరు హాని చేస్తుందని వైద్యుడు చెబితే మిగతా ముఖాన్ని కడిగి, కట్టుపై తడిచేత్తో మసహ్ చేయాలి. అదీ హాని చేస్తే మసహ్ కూడా వదిలివేయవచ్చు. మేజోళ్ళపై మసహ్‌కు ఉన్నట్లు దీనికి రోజుల పరిమితి లేదు. సజ్దాకు వంగడం వల్ల కుట్లకు ప్రమాదముంటే కూర్చుని సైగతో, సజ్దాకు రుకూ కంటే ఎక్కువ వంగుతూ నమాజ్ చేయవచ్చు. నమాజ్ మాత్రం మానరాదు.

ఇంటివారికి ఒక మాట

ఎగతాళిని ఖుర్ఆన్ నిషేధించింది (అల్ హుజురాత్: 11). “దీన్ని ఎవరు చేసుకుంటారు?” అని ఆడబిడ్డ ముందు అనే మాట, మచ్చ కంటే లోతైన గాయం చేస్తుంది. అల్లాహ్ చూసేది రూపాలను కాదు, హృదయాలను, ఆచరణలను (ముస్లిం). చికిత్స చేయించుకున్నా, చేయించుకోకపోయినా ఆమె గౌరవం తగ్గదు.

వ్యాధిగ్రస్తులకు అల్లాహ్ స్వస్థతను, వారి కుటుంబాలకు సహనాన్ని, మనందరి నాలుకలకు మృదుత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.