లక్షన్నర మంది చూశారు, సంచి ఎవరూ అడగలేదు

సమస్య

మాది కొత్తవలస. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. మిల్లు మూతపడ్డాక చాలా ఇబ్బందులు పడ్డాం. పెళ్లయ్యాక నేను డ్వాక్రా లోను తీసుకుని మిషన్లు కొన్నాను. ఇప్పుడు నాతో నలుగురు ఆడవాళ్లు కుడుతున్నారు. జనపనార గుడ్డతో తాంబూలం సంచులు, లంచ్ బ్యాగులు, కాలేజీ పిల్లలకి భుజం సంచులు చేస్తాం. ముహూర్తాలున్నప్పుడు అన్నం తినడానికి తీరికుండదు. ఆషాఢమో మూఢమో వచ్చిందంటే మిషన్ల మీద దుప్పట్లు కప్పేయడమే.

మా మరిది విశాఖలో డిగ్రీ చదివాడు. మా సంచులకని ఇన్‌స్టాలో పేజీ పెట్టాడు. ఫొటోలు పెడితే చుట్టాలు తప్ప ఎవరూ చూడలేదు. అప్పుడు మా దగ్గర కుట్టే పిల్లని, ఇరవై రెండేళ్లుంటాయి, రుషికొండ బీచికి తీసుకెళ్లి చేతుల్లేని జాకెట్టు వేయించి, పల్చటి చీర నడుం కిందికి కట్టించి, భుజాన మా సంచి తగిలించి రీల్ తీశాడు. సంచి కంటే మిగతాదే ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని లక్షన్నర మంది చూశారు.

ఆర్డరు ఒక్కటీ రాలేదు. "రేటెంత?" అని చాలామంది అడిగారు. అడుగుతున్నది సంచి రేటు కాదని రెండో మాటకే తెలిసిపోయింది. పేజీలో ఉన్నది నా నంబరు. అర్ధరాత్రి వీడియో కాల్స్ వస్తున్నాయి.

మరిది మాత్రం "ముందు చూసేవాళ్లు పెరగాలి వదినా, కొనేవాళ్లు వాళ్లే వస్తారు. ఇంకో నాలుగు తీద్దాం" అంటున్నాడు. పోనీ నేనే నిలబడతానంటే "మీరు నిలబడితే ఎవరు చూస్తారు?" అని నవ్వాడు. మా ఆయనేమో "సినిమాల్లో లేనిదా, డబ్బులొస్తే తప్పేంటి" అన్నారు. మా అత్తగారు "గుంటని బజార్న పెట్టేరు" అని రోజూ పోరు. ఆ పిల్లని అడిగితే "తీయండప్పా, కానీ రీల్‌కి ఐదొందలివ్వండి" అంది. వాళ్ల అన్నయ్యకి తెలిసి ఇంట్లో పెద్ద గొడవైందట. ఆ సంగతి తను చెప్పలేదు, పక్క మిషను ఆవిడ చెప్పింది.

లోను కిస్తీ నెల తిరిగేసరికి కట్టాలి. ఈ రోజుల్లో ఇలా చేయకపోతే వ్యాపారం నడవదా? చేస్తే తప్పా?

– ఒక సోదరి, కొత్తవలస

సలహా

అమ్మా, మీ అత్తగారూ మీ మరిదీ పోట్లాడుకుంటున్నారు గానీ ఇద్దరి చూపూ ఆ పిల్ల నడుం మీదే ఉంది. సంచి గురించి మాట్లాడేవాళ్లు మీ ఇంట్లో మీరొక్కరే కనిపిస్తున్నారు. నేనూ అక్కడే మొదలుపెడతాను.

తాంబూలం సంచి ఎవరు కొంటారు? పెళ్లికూతురి తల్లి, మేనత్త, పెద్దక్క. కొబ్బరికాయ, అరటిపళ్లు, జాకెట్టు ముక్క పెడితే పిడి ఊడుతుందా, పేర్లూ ముహూర్తమూ అచ్చు వేసిస్తారా, చెప్పిన రోజుకి అందుతాయా అని అడుగుతారు. లంచ్ బ్యాగు కొనే ఆవిడ, క్యారియర్ వంగకుండా నిలబడుతుందా, చారు ఒలికితే కడుక్కోవచ్చా అని చూస్తుంది. మీ లక్షన్నర మందిలో వీళ్లెందరు? అర్ధరాత్రి మీకు ఫోన్ చేసినవాడి ఇంట్లో రేపు పెళ్లి జరిగినా సంచులు ఎంచేది వాడు కాదు, వాళ్లమ్మ. ఆవిడ మీ పేజీ తెరిచి ఆ రీల్ చూస్తే ఆర్డరిస్తుందా?

ఇది నా చాదస్తం అనుకోకండి. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ విర్ట్జ్, మరికొందరు కలిసి ఇలాంటి ప్రకటనల మీద అప్పటిదాకా జరిగిన 78 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2017లో ఫలితాలు ప్రచురించారు. శృంగారం చూపించిన ప్రకటన జనానికి బాగానే గుర్తుంది. అది ఏ కంపెనీదన్నది మాత్రం మామూలు ప్రకటనల కంటే ఎక్కువ గుర్తులేదు. కొనాలన్న కోరికా పెరగలేదు. ఆ ప్రకటనలు మగవాళ్లకి నచ్చాయి, ఆడవాళ్లకి నచ్చలేదు. మీ సరుకు కొనేది ఎవరో మళ్లీ చెప్పనక్కర్లేదు కదా. మన దగ్గరా 1995లో మోడళ్లు మిలింద్ సోమన్, మధు సప్రే ఒంటి మీద బట్టల్లేకుండా కొండచిలువ చుట్టుకుని ఒక ప్రకటనలో నిలబడ్డారు. కోర్టులో కేసు ఏళ్ల తరబడి నడిచి చివరికి 2009లో వీగిపోయింది. ఆ కాలంవాళ్లని ఎవరినైనా అడగండి, కొండచిలువ గుర్తుంటుంది. అది బూట్ల ప్రకటన అని చెప్పగలిగేవాళ్లు తక్కువ.

అలాగని అందం చూపించి అమ్మడమే పాపం అని నేననను. 1941లోనే నటి లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించారు. 1975లో వచ్చిన లిరిల్ ప్రకటనలో కారెన్ లునెల్ ఈత దుస్తుల్లో జలపాతం కింద కేరింతలు కొట్టింది, ఆ సబ్బు విపరీతంగా అమ్ముడుపోయింది. అది ఎవరి కోసం తీశారో చూడండి. రోజంతా ఇంటి చాకిరీలో మునిగిన ఆడదానికి తనకంటూ దొరికే కాసేపు స్నానాల గదిలోనే అన్నది ఆ ప్రకటన తయారుచేసిన అలెక్ పదంసీ ఆలోచన. ఆ కాసేపటినే ఆయన అమ్మారు. సబ్బుకీ ఒంటికీ సంబంధం ఉంది, చూసే ఆడదానికి ఆ పిల్లలో తను కనిపించింది. మీ రీల్‌లో సంచిదేముంది? దాని బదులు గొడుగు తగిలించినా అదే రీల్.

ఇక "మీరు నిలబడితే ఎవరు చూస్తారు" అన్న మాట. మీ ఉత్తరంలో అన్నిటికంటే నొప్పిగా రాసిన వాక్యం ఇదే అనిపించింది. మీ పెట్టుబడితో, మీ పేరు మీదున్న లోనుతో నడిచే పనిలో అలా నవ్వే హక్కు అతనికి ఎవరిచ్చారు? మీ వయసు ఆవిడ శుభ్రంగా చీర కట్టుకుని, పువ్వులు పెట్టుకుని ఆ సంచి పట్టుకుని ఫంక్షన్ హాలు మెట్లెక్కితే చూడాల్సినవాళ్లు చూస్తారు. మీరే నిలబడండి. మీకు చేతుల్లేని జాకెట్టు ఇష్టమైతే అదే వేసుకోండి, అది మీ ఇష్టం.

ఆ పిల్ల సంగతి వేరు. ఆమెకి వారం కూలి ఇచ్చేది మీరు. బీచికి వెళ్లమన్నప్పుడు కాదంటే పని పోతుందేమో అన్న భయం ఆమెకి ఉండదని మీరు గట్టిగా చెప్పగలరా? సరదాపడే వెళ్లి ఉండవచ్చు, కాదనను. కానీ ఇంట్లో గొడవైనా మీతో అనలేదంటే మిమ్మల్ని అప్పలా కంటే యజమానిలానే ఎక్కువ చూస్తోందని అర్థం. ఐదొందలు అడిగినందుకు మాత్రం నాకు ముచ్చటేసింది. మీ ఇంట్లో మోడలింగ్‌కి కూలి ఉంటుందని ఆలోచించింది ఆమె ఒక్కర్తే! మొదటి రీల్‌కి ఇవ్వాల్సింది ముందు ఇచ్చేయండి. తర్వాత ఒంటరిగా కూర్చోబెట్టి, మరిది లేనప్పుడు, ఆ రీల్ ఉంచాలా తీసేయాలా అని అడగండి. కుట్టుపనికీ దీనికీ ముడి లేదని నోటితో చెప్పండి. ఉంచమని తల ఊపినా, కళ్లు దించుకుంటే తీసేయండి.

మీ మరిది తీద్దామంటున్న "ఇంకో నాలుగు" దీనికంటే ఒక మెట్టు కిందికే వెళ్తాయి, చూసేవాళ్ల ఆకలి అలాంటిది. స్త్రీలను అసభ్యంగా చూపించే ప్రకటనల మీద 1986 నుంచి చట్టం ఉంది. మొదటిసారి నేరం రుజువైతే రెండేళ్ల వరకూ జైలు, రెండు వేల వరకూ జరిమానా. మీరు రాసినదాన్ని బట్టి ఈ రీల్ అంతదాకా పోదనే అనుకుంటున్నాను. కానీ వ్యాపారం మీది కాబట్టి రేపు జవాబు చెప్పుకోవాల్సిందీ మీరే. ఆ ఫోన్ చేసేవాళ్ల మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. ఆగకపోతే పోలీసు స్టేషన్‌కి వెళ్లండి, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181కి చెప్పండి. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకుని రాత్రిపూట ఆపేయండి.

మరి సంచులు ఎలా అమ్మాలి? మీకు మరీ దూరం కాని ఏటికొప్పాక బొమ్మల్నే చూడండి. రసాయన రంగుల బొమ్మని పసిపిల్ల నోట్లో పెట్టుకుంటే ఎలాగని తల్లులు భయపడతారు. అక్కడి సి.వి. రాజు చెట్ల నుంచి తీసే రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఆ బొమ్మలే ఊరేగాయి. కొనేవాళ్ల భయానికి సరుకులోనే జవాబుంది. మీ కొనుగోలుదారు భయం పిడి ఊడటం. కొబ్బరికాయలు నింపి మీ సంచిని కొక్కేనికి వేలాడదీసి రీల్ తీయండి. జనపనార కెమెరాలో మొద్దుగా కనిపిస్తుంది, అందంగా ఉంటుందని అబద్ధం చెప్పను, పొద్దున ఎండలో తీస్తే కాస్త నయం.

రీల్స్ ఒక్కటే నమ్ముకోకండి. కొత్తవలస, శృంగవరపుకోట, విజయనగరం ఫంక్షన్ హాళ్లకీ, శుభలేఖలు అచ్చువేసే షాపులకీ తలా రెండు నమూనా సంచులు ఇచ్చి రండి. శుభలేఖ వేయించడానికి వచ్చినవాళ్ల దగ్గర పేర్లూ ముహూర్తమూ సిద్ధంగా ఉంటాయి. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి విజయనగరంలో జనం పోటెత్తుతారు, ముందే మాట్లాడుకుని ఓ మూల చోటు సంపాదించండి. స్టేషన్లలో స్థానిక చేతిపనులకి చిన్న స్టాళ్లిచ్చే పథకం రైల్వే 2022లో మొదలుపెట్టింది. కొద్దిపాటి రుసుముతో వంతులవారీగా ఇస్తారు, పొదుపు సంఘాలకీ అవకాశం ఉంది. అరకు వెళ్లే కిరండూల్ రైలు మీ ఊరి మీదుగానే పోతుంది కదా, భుజం సంచులకి ఆ ప్రయాణికుల దగ్గర మంచి గిరాకీ ఉంటుంది. స్టేషన్ మాస్టరుని అడిగి చూడండి.

ఈ తిరుగుడంతా మీ మరిదికి అప్పగించండి. కుర్రాడిలో చురుకుంది, బండి కూడా ఉండే ఉంటుంది. తెచ్చిన ఆర్డరుకి ఇంతని కమీషన్ ఇస్తానని చెప్పండి, వ్యూస్‌కి మాత్రం పైసా ఇవ్వనని కూడా.