కేసు సంగతి ఫారంలో రాయాలా?

ప్రశ్న: మాది జడ్చర్ల. మా తమ్ముడికి శంషాబాద్ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించి దించే పని దొరికింది. పోలీసు వెరిఫికేషన్ పూర్తయి ఎంట్రీ పర్మిట్ చేతికొస్తేనే డ్యూటీ, అప్పటిదాకా జీతం లేదంటోంది సంస్థ. నాలుగేళ్ల కిందట వినాయక నిమజ్జనంలో జరిగిన కొట్లాటలో వాడి మీద కేసు పెట్టారు. లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆ సంగతి ఫారంలో రాయొద్దని, పదిహేను వేలిస్తే రిపోర్టు తాను చూసుకుంటానని ఒక ఏజెంటు అంటున్నాడు. మూటలు మోసే పనికి ఇంత విచారణ దేనికండీ? మమ్మల్నేం చేయమంటారు?
- ఒక అక్క, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఉన్నదున్నట్టు రాయమనండి. ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మూటలు మోసే పనే కదా అన్నారు. విచారణ అవసరమైనది సరిగ్గా ఆ పనికే. విమానం పొట్టలోకి చేరే సామాను చివరిసారి తాకేది మీ తమ్ముడి చేతులే. 2016 ఫిబ్రవరి 2న సోమాలియా రాజధాని మొగదిషు నుంచి బయల్దేరిన డాలో ఎయిర్‌లైన్స్ విమానం గాల్లో ఉండగా పేలుడు జరిగింది. తనిఖీ దాటి వచ్చిన ప్రయాణికుడికి బాంబు దాచిన ల్యాప్‌టాప్ అందించింది విమానాశ్రయ సిబ్బందేనని సీసీటీవీలో తేలింది. అదృష్టవశాత్తూ విమానం వెనక్కి తిరిగి దిగగలిగింది. ఎంత ఖరీదైన స్కానర్ పెట్టినా, దాన్ని దాటాక లోపల పనిచేసే మనిషిని నమ్మక తప్పదు. అందుకే వెంట ఎవరూ లేకుండా భద్రతా ప్రాంతాల్లో తిరిగే ప్రతి ఒక్కరి పూర్వాపరాలు చూడాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన పెట్టింది. మన దేశంలో ఆ పర్మిట్ల వ్యవస్థను పౌర విమానయాన భద్రతా బ్యూరో, అంటే బీసీఏఎస్, నడుపుతోంది.

కాగితం శుభ్రంగా ఉన్నంత మాత్రాన మనిషి మంచివాడైపోతాడా అని అడగవచ్చు. కాడు. 1987 డిసెంబరు 7న కాలిఫోర్నియాలో ఉద్యోగం పోయిన ఒక విమాన సంస్థ ఉద్యోగి పాత గుర్తింపు కార్డుతోనే తనిఖీ తప్పించుకుని తుపాకీతో విమానమెక్కాడు. విమానం కూలి అందులోని 43 మందీ చనిపోయారు. ఉద్యోగం పోయిన రోజే కార్డు వెనక్కి తీసుకోవాలన్న నియమం అమెరికాలో ఆ తరవాతే వచ్చింది. విచారణ ఒక్కసారి ముగించి మరచిపోయేది కాదనడానికి ఇది రుజువు. అంతేగాని విచారణే దండగ అనడానికి కాదు.

ఇక నిజం రాస్తే ఉద్యోగం పోతుందేమోనన్న మీ భయం. అది ఉత్త భయమేమీ కాదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని వివరంగా చర్చించింది. అభ్యర్థి కేసుల గురించి చెప్పేది నిజమై ఉండాలంది, ఏదీ దాచకూడదంది. కుర్రతనంలో చేసిన చిన్న నేరమైతే, దాచినా సరే, యజమాని మన్నించవచ్చంది. అయితే నిజం చెప్పినవారిని కూడా తీసుకుని తీరాలని యజమానిని నిర్బంధించలేమంది. అది ప్రభుత్వోద్యోగాల తీర్పే అయినా, అందులోని తర్కం మీ తమ్ముడికి పనికొస్తుంది. రాజీ అయిన కొట్లాట కేసును తూచి చూసే అవకాశం అధికారికి ఉంటుంది. దాచిన సంగతి పోలీసు రికార్డులో బయటపడితే మాత్రం తూచాల్సింది పాత గొడవను కాదు, ఇప్పుడు ఆడిన అబద్ధాన్ని. ఎఫ్‌ఐఆర్ నకలు, లోక్ అదాలత్ అవార్డు నకలు తెప్పించి ఫారంతో జతచేయండి. అద్దె గదులు మారి ఉంటే ఆ చిరునామాలు కూడా ఒక్కటీ వదలకుండా రాయించండి. ఏదైనా తప్పిపోతే స్టేషన్ల మధ్య కాగితం తిరగడానికే ఎక్కువ రోజులు పడుతుంది.

ఈ ఆలస్యం ఖర్చు మీ ఇంటి మీద పడటం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. భద్రత అందరిదీ అయినప్పుడు, దానికయ్యే ఖర్చు జీతం రాని కుర్రాడొక్కడే ఎందుకు మోయాలి? 2022లో బ్రిటన్ విమానాశ్రయాల్లో సిబ్బంది కొరత వచ్చినప్పుడు అక్కడి ప్రభుత్వం విచారణను తగ్గించలేదు. అది పూర్తవకముందే కొంత శిక్షణ మొదలుపెట్టడానికి అనుమతించింది. మన సంస్థలూ పర్మిట్ అక్కర్లేని తరగతి శిక్షణను ఆ వ్యవధిలోనే ఇచ్చి, భత్యం కట్టవచ్చు. రోజులు పడతాయని ముందే తెలుసు కనుక నియామకాలు ముందుగానే మొదలుపెట్టవచ్చు. శిక్షణ ఎప్పుడు, భత్యమెంత అని మీ తమ్ముణ్ణి రాతపూర్వకంగా అడగమనండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

ఏజెంటు విషయం. పర్మిట్‌కు దరఖాస్తు వెళ్లేది ఉద్యోగమిచ్చిన సంస్థ ద్వారానే. బయటివాడికి అందులో పనే లేదు. అతను పంపిన మెసేజ్‌లు, ఫోన్ నంబరు భద్రంగా ఉంచి, ముందు ఆ సంస్థ హెచ్‌ఆర్ విభాగానికి చెప్పండి, తరవాత పోలీసులకు ఫిర్యాదు చేయండి.