బాధితురాలి పక్షాన నిలిచే కొలువు: ఇందల్వాయి నుంచి దారేది?

నిజామాబాద్ జిల్లాలోని ఇందల్వాయి, డిచ్‌పల్లి పక్క పల్లెల్లో పుట్టిన అమ్మాయికి ఏ పుస్తకమూ నేర్పని చదువు ఒకటి అప్పటికే వచ్చి ఉంటుంది. తునికాకు కత్తిరిస్తూ, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య పెరిగింది కాబట్టి ఎవరింట్లో ఏం జరుగుతోందో మాట తీరును బట్టే పోల్చుకోగలదు. "ఇంట్ల జరంత లొల్లయింది" అన్నారంటే ఎంతమేర దెబ్బలు తగిలి ఉంటాయో ఆమెకు విడమరిచి చెప్పక్కర్లేదు. గృహహింస బాధితులకు అండగా నిలిచే ఉద్యోగాలకు ఈ ఎరుక పెద్ద అర్హత. దానికి తోడు ఒక డిగ్రీ, కొంత అనుభవం సంపాదించుకుంటే చాలు.

ఈ పని అవసరం ఎంతో చెప్పడానికి రెండు అంకెలు చాలు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యారు. ఏదో ఒక కారణం ఉంటే భర్త కొట్టడం సబబేనన్న మహిళలు 84 శాతానికి దగ్గర. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ రెండో అంకె. తప్పు తనదేనని నమ్ముతూ వచ్చిన మనిషి ముందు కూర్చుని, తన కథను తన నోటితో చెప్పించడమే ఈ కొలువు.

చట్టం సంగతి కొంత తెలియాలి. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడం ఒక్కటే హింస అని అది అనదు. తిట్టడం, అవమానించడం, లైంగికంగా వేధించడం, పైసలు గుంజుకోవడం అన్నీ అందులోకి వస్తాయి. బీడీల కూలి డబ్బు నెలనెలా భర్త లాక్కుంటున్నా, ఆమె పీఎఫ్ కాగితాలు అత్త దాచిపెట్టి ఇవ్వకపోయినా ఆర్థిక హింస కింద అడగవచ్చు. భర్త దుబాయిలో ఉండి డబ్బు పంపకపోతేనో, ఇక్కడ అత్తమామలు ఇంట్లోంచి వెళ్లగొడితేనో ఆమెకు దారి మూసుకుపోదు. తల్లిగారింట్లో తలదాచుకున్నా, ఆ ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అత్తవారిల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. గల్ఫ్ వలసలు, బీడీ కూలీలు ఇంత ఎక్కువగా ఉన్న నిజామాబాద్ జిల్లాలో కౌన్సెలర్‌కు ఈ నాలుగు విషయాలు కంఠతా రావాలి.

పని ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం. బాధితురాలు చెప్పింది విని డీఐఆర్ (డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్ట్) అనే ఫారం-1 నివేదిక రాయాలి. మేజిస్ట్రేట్ ముందు పెట్టే దరఖాస్తుకు అది ఆయువుపట్టు. ఆమె "ఎప్పుడూ గిట్లనే కొడతడు" అంటుంది. అంతే రాస్తే కోర్టులో నిలవదు. ఆఖరుసారి ఎప్పుడు కొట్టాడు, బోనాలకు ముందా తర్వాతా, దేనితో కొట్టాడు, ఎవరు చూశారు, దవాఖానకు పోయిందా, చీటీ ఉందా అని ఓపిగ్గా అడగాలి. పండుగల లెక్కన, వరికోతల లెక్కన తేదీ రాబట్టాలి. ఆమె మాటను మన గ్రాంథికంలోకి మార్చేసి పలచన చేయకూడదు. "పెద్దమనుషులు సర్దుకపొమ్మన్నరు" అని ఆమె చెప్పినప్పుడు మనమూ అదే పాట అందుకుంటే ఆ కుర్చీలో కూర్చోవడానికి మనం తగం. రాజీ కుదిర్చిన కేసుల సంఖ్యతో మంచి కౌన్సెలర్‌ను కొలవకూడదని నా గట్టి అభిప్రాయం.

కొలువులు ఎక్కడ? ముందుగా సఖి కేంద్రాలు. దేశమంతటా 2015 ఏప్రిల్ 1 నుంచి మొదలైన ఈ కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్దిరోజుల ఆశ్రయం ఒకేచోట దొరుకుతాయి. నిజామాబాద్‌లోనూ సఖి ఉంది. అక్కడ సెంటర్ అడ్మినిస్ట్రేటర్, కేస్ వర్కర్, కౌన్సెలర్, పారాలీగల్, పారామెడికల్ పోస్టులు ఉంటాయి. సోషల్ వర్క్, లా, సైకాలజీ, సోషియాలజీ చదివినవాళ్లకు మొగ్గు ఉంటుంది. కానీ పెద్ద పోస్టులకు ఈ రంగంలో అనుభవం అడుగుతారు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

అనుభవానికి తొలిమెట్టు పారాలీగల్ వలంటీర్. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వీరిని ఎంపిక చేసి శిక్షణ ఇస్తుంది. ఇచ్చేది గౌరవవేతనమే, అదీ పనిచేసిన రోజులకే. అయినా కోర్టు, ఠాణా, దవాఖాన మూడూ తిరిగిన మనిషి అవుతారు. ఆదాయంతో పనిలేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయసాయం అందాలని 1987 నాటి చట్టం చెబుతోంది. ఆ మాటను పల్లెకు మోసుకెళ్లేది వీళ్లే. డిగ్రీ చదువుతూనే ఈ పని మొదలుపెట్టండి.

చదువుకు దూరం పోనక్కర్లేదు. తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలోనే ఉంది. ఎంఎస్‌డబ్ల్యూకు (సోషల్ వర్క్ పీజీ) సీపీగెట్, లాకు లాసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇల్లు, పిల్లలు విడిచి వెళ్లలేని వాళ్లకు ఇగ్నోలో ఎంఎస్‌డబ్ల్యూ దూరవిద్య ఉంది. ఫీల్డ్‌వర్క్‌ను మాత్రం సంతకాల తంతుగా వదిలేయవద్దు, ఉద్యోగంలో అక్కరకొచ్చేది అదే.

జీతం సంగతి దాచకుండా చెప్పాలి. సఖి కొలువులు ఎక్కువగా కాంట్రాక్టువి. జీతం తక్కువ, మనసుపై భారం ఎక్కువ. ఈ సిబ్బందికి మానసిక ఆరోగ్య శిక్షణ కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ నిమ్హాన్స్‌తో కలిసి 2022లో స్త్రీ మనోరక్ష కార్యక్రమం మొదలుపెట్టింది. అవకాశం వస్తే వదలకండి. స్థిరమైన ఉద్యోగం కావాలనుకుంటే మహిళా శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్, సీడీపీఓ పోస్టుల నోటిఫికేషన్లపై కన్నేసి ఉంచండి. ఆ శాఖ అధికారులనే జిల్లా, తాలూకా స్థాయిల్లో గృహహింస చట్టం కింద రక్షణ అధికారులుగా నియమించాలని సుప్రీంకోర్టు 2025 మేలో రాష్ట్రాలను ఆదేశించింది. అబ్బాయిలకూ చోటుంది: న్యాయవాదులుగా, స్వచ్ఛంద సంస్థల్లో, తాగుబోతు భర్తలతో మాట్లాడే కౌన్సెలర్లుగా.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనే ఈ బాధ ఉంటే కొలువు మాట తర్వాత, ముందు 181కి ఫోన్ చేయండి. రాత్రి పగలూ ఎత్తుతారు.