కఫే లీనా: ఒక కాఫీశాల చరిత్ర

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో సరటోగా స్ప్రింగ్స్ అనే పట్టణం ఉన్నది. అచ్చట ఒక పాత భవనపు మేడమీద 1960లో లీనా స్పెన్సర్, బిల్ స్పెన్సర్ దంపతులు కఫే లీనా అనే కాఫీశాలను ప్రారంభించారు. కొన్నేండ్లు నడిపి, ఆర్జించిన ధనంతో ఐరోపాకు తరలిపోవలెనన్నది వారి సంకల్పం. అది నెరవేరలేదు. అనతికాలంలోనే బిల్ విడిచి వెళ్లిపోయాడు. ధనలాభమూ చేకూరలేదు. అయినను లీనా ఒంటరిగానే ఆ సంస్థను నిలబెట్టింది.

ఆమె గొప్పదనం ఎందులో ఉన్నదని మనం ప్రశ్నించుకోవాలి. పేరు రాని గాయకులకు ఆమె వేదిక నిచ్చింది. 1961లో ఇరువది యేండ్ల బాబ్ డిలన్ ఇక్కడ పాడినప్పుడు శ్రోతలలో అనేకులు శ్రద్ధ వహింపలేదని చెబుతారు. లీనా మాత్రం మరుసటి యేడు అతనిని మరల పిలిచింది. ఆ గాయకుడే 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందాడు.

1989లో లీనా మరణించింది. ఆమెతోనే కాఫీశాలయు అంతరించవలసినదే. కాని మిత్రులు, శ్రోతలు కూడి దానిని లాభాపేక్ష లేని సంస్థగా కొనసాగించారు. 2016లో భవనాన్ని పునరుద్ధరించారు. అమెరికాలో ఎడతెగక నడుస్తున్న జానపద సంగీత వేదికలలో మిక్కిలి పాతదిగా అది ప్రసిద్ధి గాంచింది.

సంస్థను ఒకరి దీక్ష పుట్టించవచ్చు. పదిమంది బాధ్యతయే దానిని బ్రతికిస్తుంది. మన ముషాయిరాలోగాని, కవి సమ్మేళనంలోగాని తొలిసారి వేదిక నెక్కి తడబడే విద్యార్థిని శ్రద్ధతో విందాం. మరుసటి యేడు మరల పిలుద్దాం.