కంప్యూటరు మీద బుటా గీయుట: చిత్రకళ చదువు మన పిల్లలకు

మన నేత కుటుంబముల పిల్లలు కొందరు ఈ మధ్య చిత్రకళా కళాశాలలలో చేరుచున్నారు. అక్కడ వారికి పెన్సిలుతో గీయుట, రంగులు వేయుటతో పాటు కంప్యూటరు తెర మీద బొమ్మ గీయుట, ఆ బొమ్మకు పొడవు, వెడల్పు, లోతు కల్పించి నిజమైన వస్తువు వలె నిలబెట్టుట కూడ నేర్పుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డ తాను గీసిన బుటాను తండ్రికి ఇయ్యగా, తండ్రి దానిని మగ్గమునకు ఎక్కించి నష్టపోయి, "ఈ చదువు మనకెందుకు?" అని విసుగుకొనిన సంగతులు మా చెవిన పడుచున్నవి. తెరకును మగ్గమునకును నడుమ కొన్ని లెక్కలు కలవు. అవి కళాశాలలో చెప్పరు. ఇంటిలో పెద్దలకు తెలిసియు నోటితో చెప్పు అలవాటు లేదు. ఆ లెక్కలనే ఇచ్చట వ్రాయుచున్నాము.

మా సంఘ సభ్యుడొకరి కుమార్తె చిత్రకళ చదువుచున్నది. మొన్నటి వేసవిలో ఒక మామిడి పిందె బుటాను కంప్యూటరు మీద గీసినది. తెర మీద చూచిన వారెల్లరు మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి. తండ్రి వెంటనే 80 అట్టలు కొట్టించి మూడు చీరలు నేసెను. చీర దిగిన తరువాత చూడగా పిందె సాగి దోసకాయ వలె నున్నది, అంచులు ఎలుక కొరికినట్లున్నవి, వెనుక ప్రక్క జరీ వదులుగా వ్రేలాడుచున్నది. కొనువారు మూడు చీరలను త్రిప్పి పంపిరి. ఫీజు కొరకు చేసిన అప్పు ఒకటి, ఈ నష్టమొకటి. తండ్రి అమ్మాయి చదువు మాన్పింతునని కూర్చుండెను. అప్పుడు ఆమె తాత, అరువది యేండ్లు గుంట మగ్గములో కూర్చున్నవాడు, బొమ్మను పెద్దది చేసి చూపుమని అడిగెను.

"అమ్మాయీ, ఈ బూడిద రంగు గళ్ళలో పోగు లేవాలా, పడుండాలా?"

"అది నీడ, తాతయ్యా."

"మగ్గానికి నీడ తెలియదే! లేస్తావా, లేవవా, అంతే."

పాఠమంతయు ఈ మాటలోనే యున్నది. జాకార్డు పెట్టెలో అట్టకు రంధ్రమున్న చోట సూది లోనికి పోవును, హుక్కు లేచును, పోగు పైకి వచ్చును. రంధ్రము లేని చోట పోగు క్రిందనే యుండును. నడిమి స్థితి లేదు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరపు జోసెఫ్ మేరీ జాకార్డు 1804లో ఈ యంత్రమును రూపొందించినప్పటి నుండి సూత్రమిదియే. ఆంగ్లేయుడైన చార్లెస్ బాబేజి తన లెక్కల యంత్రమునకు ఈ అట్టల పద్ధతినే తీసికొనెను. జాకార్డు ముఖచిత్రమును 24,000 అట్టలతో పట్టున నేసినది ఒకటి ఆయన యింట నుండెడిది. కావున కంప్యూటరు మనకు పరాయిది కాదు. దానిని చూచి భయపడు మన పెద్దలకు ఈ సంగతి చెప్పవలెను.

ఇక బూడిద గళ్ళు ఎట్లు వచ్చినవి? కళాశాలలో పిల్లలు వాడు కుంచె అంచులను మెత్తగా గీయును. నలుపునకు తెలుపునకు నడుమ కంటికి తెలియకుండ లేత రంగు గళ్ళను చేర్చి గీత నునుపుగా కనబడునట్లు చేయును. తెరకు అది అందము. అట్టలు కొట్టువాడు మాత్రము ఆ లేత గళ్ళలో కొన్నిటికి రంధ్రము కొట్టి, కొన్నిటిని తనకు తోచినట్లు విడిచిపెట్టెను. అంచు ఎలుక కొరికినట్లగుటకు కారణమిదియే. నేతబొమ్మకు కుంచె పనికిరాదు; అదే పెట్టెలో పెన్సిలు అను పనిముట్టు కలదు. దాని మొన ఒక గడి వెడల్పునకు పెట్టుకొన్నచో అది గడిని పూర్తిగా నింపును, లేదా పూర్తిగా విడుచును. జింప్ అను ఉచిత సాధనమున ఇది ఉన్నది. అందులోనే బొమ్మను ఇండెక్స్‌డ్ పద్ధతికి మార్చి, నలుపు తెలుపు రెండు రంగులకే పరిమితము చేయవచ్చును. అట్లు మార్చునప్పుడు డితరింగ్ అను దానిని తీసివేయవలెను, లేనిచో ఆవాలు చల్లినట్లు చుక్కలు చల్లును.

నీడ కావలెనన్నచో దానికి నేతలోనే మార్గమున్నది. ఎనిమిది పోగుల శాటిన్ అల్లికలో ఎనిమిదింట ఒక చుక్క పెట్టిన చోట లేత నీడ, రెండు పెట్టిన చోట కొంచెము ముదురు, మూడు, నాలుగు పెట్టగా ఇంకను ముదురు. దూరము నుండి కన్ను ఆ చుక్కలను కలిపి రంగుగా చూచును. చిత్రకళ విద్యార్థికి ఈ సంగతి ఒక్కమారు చెప్పిన చాలును. మనకంటె త్వరగా పట్టుకొనును.

పిందె దోసకాయ అగుటకు కారణము వేరు. దీనిని నిదానముగా చెప్పవలెను, ఏలయన ఎక్కువ మంది పొరపడునది ఇచ్చటనే. తెర మీది గడి సరిచదరము. మగ్గము మీది గడి అట్లుండదు. అంగుళమునకు పడుగు 80 పోగులు, పేక 60 పోగులు అనుకొందము. అంగుళము వెడల్పునకు 80 గళ్ళు కావలెను, అంగుళము పొడవునకు 60 గళ్ళే చాలును. అమ్మాయి 80 గళ్ళ వెడల్పు, 80 గళ్ళ పొడవు పెట్టి గీసినది. వెడల్పు అంగుళమే వచ్చినది. పొడవు మాత్రము 80ని 60తో భాగించగా అంగుళమును, మరి మూడవ వంతును వచ్చినది. గుండ్రని బిళ్ళ గీసినను గ్రుడ్డు వలె వచ్చును.

మన పాత బొమ్మల పనివారు దీనికే లెక్క ప్రకారము గ్రాఫు కాగితము కొనెడివారు. 80కి 60 అయినచో ఎనిమిదికి ఆరు కాగితము, 80కి 100 అయినచో ఎనిమిదికి పది. 400 హుక్కుల పెట్టె అట్టలో వరుసకు ఎనిమిది రంధ్రములుండును గనుక ఎనిమిది అడ్డగళ్ళు వాడుకలోనికి వచ్చినవి. కంప్యూటరులో ఈ కాగితమును మనమే తయారు చేసికొనవచ్చును. జింప్‌లో బొమ్మకు అడ్డము అంగుళమునకు 80, నిలువు అంగుళమునకు 60 అని వేరువేరుగా సాంద్రత నిర్ణయించి, చుక్కకు చుక్క చూపు పద్ధతిని తీసివేసినచో తెర మీదనే బట్ట కొలత ప్రకారము బొమ్మ కనబడును. ముందే సరిచదరముగా గీసిన బొమ్మను 60 వరుసలకు కుదించుట రెండవ మార్గము. కుదించునప్పుడు ఇంటర్‌పోలేషన్ వద్దని చెప్పవలెను, లేనిచో బూడిద గళ్ళు మరల వచ్చును. కుదించిన పిమ్మట ఇరువది వరుసలు పోవును గదా, గీతలు అక్కడక్కడ తెగును. వానిని ఒక్కొక్క గడిగా చేతితో సరిదిద్దవలెను. మొదటి మార్గమే మంచిదని మా అభిప్రాయము.

సరిదిద్దునప్పుడు వంపు మీద కన్నుంచవలెను. గళ్ళలో వంపు అనగా మెట్లే. మెట్టు పొడవు ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఐదు అని క్రమముగా పెరిగినచో బట్టలో వంపు సాఫీగా వచ్చును. మూడు, ఒకటి, నాలుగు, రెండు అని పెరిగి తరిగినచో ఎంత సన్నని పోగైనను గతుకుగా కనబడును. బరంపురము పట్టు అంచులోని కుంభములను చూడుడు. అడుగు నుండి మొన వరకు ఎన్ని పేకలకు ఎన్ని పోగులు తగ్గుచున్నవో లెక్కపెట్టుట ఏ కళాశాలయు ఇయ్యలేని పాఠము. మన ఆడపిల్లలకు వాకిటి చుక్కల ముగ్గు వలన ఈ లెక్క సగము ముందే వచ్చి యుండును.

హుక్కుల సంగతి ఒక్క మాటలో చెప్పెదము. 400 హుక్కుల పెట్టెకు, హుక్కునకు ఒక పోగు చొప్పున, 400 గళ్ళ వెడల్పు మించి గీయరాదు. పైన చెప్పిన పడుగు లెక్కకు అది ఐదంగుళముల అంచు. గీయుటకు ముందే తండ్రిని అడిగి పెట్టె లెక్క, పోగుల లెక్క కాగితము తలకట్టున వ్రాసికొనవలెను.

వెనుక జరీ వ్రేలాడుట మూడవ తప్పు. అమ్మాయి పిందె నడుమ అందము కొరకు 40 గళ్ళు ఖాళీగా విడిచినది. ఆ మేరకు జరీ బట్ట వెనుక అర అంగుళము వదులుగా పరుగెత్తును. కట్టుకొన్న నాడే కాలి మెట్టె తగులుకొని తెగును. ఖాళీ ఎక్కువగా నున్నచోట ఎనిమిది, పది గళ్ళకొక కట్టు చుక్క పెట్టవలెను. ఆ చుక్కలనే చిన్న పువ్వుగానో ఈనెగానో మలచుట చిత్రకారుని నేర్పు. తెర మీద బొమ్మకు వెనుక ప్రక్క లేదు. అందుచేత గీయువారు బొమ్మను తలక్రిందు రంగులలో, అనగా నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మార్చి ఒక్కమారు చూచుట మంచిది. వెనుక ప్రక్క ఎట్లుండునో కొంత తెలియును.

కళాశాలలో నేర్పు రెండవ విద్య, అనగా తెర మీద నిలువెత్తు బొమ్మను నిలిపి దానికి చీర కట్టి చూపుట, మనకు మిక్కిలి ఉపయోగపడును. బ్లెండర్ అను సాధనము ఇదియు ఉచితమే. అంచు ఎంత వెడల్పుండిన కుచ్చెళ్ళలో బాగుండును, కొంగు భుజము మీద పడినప్పుడు ఏ బుటా కనబడి ఏది మడతలో దాగును అనునవి పోగు ఖర్చు లేకుండ తెలిసికొనవచ్చును. అయితే తెర మీది చీరకు కాలి మెట్టె తగలదు, చెమట తగలదు, ఉతుకు లేదు. దానిని చూచి కొనువారికి మాట ఇయ్యరాదు. జానెడు నమూనా ముక్క నేసి చూచిన పిమ్మటనే అట్టలు పూర్తిగా కొట్టింపవలెను. ఇప్పుడు అట్టలు లేని ఎలక్ట్రానిక్ జాకార్డు పెట్టెలు చేమగ్గములకు కూడ వచ్చినవి. వానికి ఫైలు ఇచ్చిన చాలును. అట్ట ఖర్చు లేదని నమూనా మానువారు జరీ ఖర్చుతో ఆ పాఠము నేర్చుకొందురు.

చేతితో గీయుట మానవచ్చునా అని కొందరు పిల్లలు అడుగుచున్నారు. మానరాదు. చెట్టు మీది పిందెను చూచి పెన్సిలుతో పది మార్లు గీసిన చేతికే ఏ గడి ఉంచవలెనో, ఏ గడి తీయవలెనో తెలియును. ఇతరుల బొమ్మను తెరలో అతికించు వానికి తెలియదు. పెద్ద చిత్రకారులే మన మగ్గముల వద్దకు వచ్చి నేర్చుకొనిరి. శాంతినికేతనమున చదివిన కె.జి. సుబ్రహ్మణ్యన్ 1959 నుండి 1961 వరకు బొంబాయిలో అఖిల భారత చేనేత బోర్డున బొమ్మల విభాగములో పనిచేసెను. ప్రభాకర్ బర్వే 1961 మొదలు కొన్ని యేండ్లు వారణాసి నేత సేవా కేంద్రమున నుండెను. ఆ కేంద్రములు ముంబయి, బెంగళూరు, కాంచీపురము, భువనేశ్వరములందును ఉన్నవి. సెలవులలో పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి పాత బొమ్మలను చూపవలెను. పదవ తరగతి తరువాత నేతలోనే మూడేండ్ల డిప్లొమా చదువదలచిన వారికి సేలములో భారత చేనేత సాంకేతిక సంస్థ కలదు.

పరరాష్ట్రములలో స్థిరపడిన మన పిల్లలకు మరియొక చిక్కు కలదు. ఇంటిలో పడుగు, పేక అందుము. బయట కన్నడమున హాసు, హొక్కు. తమిళమున పావు, ఊడై. మరాఠీలో తాణా, బాణా. కళాశాలలో వార్ప్, వెఫ్ట్. బిడ్డ కళాశాల మాటలతో అడుగును, తాతకు అర్థము కాదు. తాత ఇంటి మాటతో చెప్పును, బిడ్డ వ్రాసికొనదు. ఒక నోటు పుస్తకములో రెండు మాటలు ప్రక్కప్రక్కన వ్రాయించినచో ఆరు నెలలలో ఈ అడ్డు తొలగును.

కడపట ఫైలు ఎవరిది అను విషయము. కొన్నేండ్ల క్రిందట మా సంఘము ఒక నగరములోని బొమ్మల దుకాణమునకు సొమ్మిచ్చి అంచు బొమ్మ వేయించినది. అట్టలు మాకు వచ్చినవి, ఫైలు వారి వద్దనే యుండెను. నెల తిరుగక మునుపే ఆ అంచే మరమగ్గపు చీరల మీద అంగడిలో కనబడెను. అడుగగా వ్రాతపూర్వకమైన ఒప్పందమేదీ అని వారు మమ్ములనే అడిగిరి. ఇంటి బిడ్డ గీసినచో ఈ బాధ తక్కువ, అయినను జాగ్రత్త వలయును. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద కొత్త బొమ్మను పదేండ్లకు నమోదు చేయించి, మరి ఐదేండ్లు పొడిగించుకొనవచ్చును. బొమ్మను బయట చూపకమునుపే దరఖాస్తు పెట్టవలెను. అందరికి చూపిన పిమ్మట అది కొత్తది కాదందురు. గీసిన ఉత్సాహముతో ముందుగా ఫోనులలో పంచిపెట్టు పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పవలెను. ఫైలు రెండు ప్రతులు ఉంచి, ఒకటి సంఘము బీరువాలో పెట్టుడు. గీసినవారి పేరు, తేది, పోగుల లెక్క, హుక్కుల లెక్క దానితో వ్రాసియుంచుడు.

ఆ అమ్మాయి తాత ప్రక్కన కూర్చుండి బుటాను 80 గళ్ళ వెడల్పు, 60 వరుసల పొడవులో మరల గీసినది. నడిమి ఖాళీలో కట్టు చుక్కలను ఈనెలుగా మలచినది. తాతయే నమూనా ముక్క నేసెను. తండ్రి ఆమెను సెలవులు ముగియగానే కళాశాలకు పంపెను. మొదటి చీర ముక్కను, ఈ నమూనాను ప్రక్కప్రక్కన సంఘ కార్యాలయములో గోడకు పెట్టితిమి. సభ్యులు పిల్లలతో వచ్చి రెండింటిని వెనుకకు త్రిప్పి కూడ చూడవచ్చును.